జెట్టీని తినేది తుఫాను కాదు, మామూలు రోజులే

మొన్న జూలైలో ఒక బుధవారం నేనూ మా బావా ఒడిశాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్ళాం. పదహారు కిలోమీటర్లే కాబట్టి ప్లానింగ్ ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనం అయ్యాక బండి తీశాం అంతే. బీచ్ మొత్తం మీద ముప్పై మంది కూడా లేరు. జనవరి ఒకటిన ఇదే ఇసుకలో కాలు పెట్టడానికి సందు దొరకదు, బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వాళ్ళంతా వంట సామాన్లతో సహా ఇక్కడే దిగిపోతారు. ఒడ్డున ఒక నులియా తాత వల బాగుచేసుకుంటున్నాడు. ఇక్కడ నులియాలు, అంటే వేటకెళ్ళేవాళ్ళూ, స్నానాలకి దిగినవాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ చాలామంది మన తెలుగువాళ్ళే, ఒడియా వచ్చు గానీ ఇంట్లో మాట మాత్రం తెలుగే. మా బావ పాత జెట్టీ ఉండే చోటు చూపించి "బావా, ఇక్కడ మళ్ళీ ఒక జెట్టీ కట్టీస్తే జనం ఏడాదంతా వస్తారు కదా" అన్నాడు. తాత వల మీంచి తలెత్తకుండానే "కట్టడానికేటి బాబూ, కట్టీగలరు. కట్టినాక రోజూ సూసీవోడెవుడు?" అన్నాడు.

ఆ మాట అప్పట్నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే పాత జెట్టీలు ఎక్కడ కూలినా దాని వెనక ఉన్న కథ అదే. జనం ఎప్పుడొస్తారు, సముద్రం ఎప్పుడు ఊరుకుంటుంది, డబ్బు ఎప్పుడొస్తుంది, రిపేరు ఎప్పుడు చెయ్యాలి, ఈ నాలుగూ ఒకదాంతో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి నాకు అర్థమైనంత వరకూ ఇక్కడ విప్పి చెప్తాను.

ముందు అసలు ఇవి ఎందుకు కట్టారో చూద్దాం. గోపాల్‌పూర్ లాంటి చోట ఓడ ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరేసి ఆగేది. అక్కడి దాకా మనుషుల్నీ బస్తాల్నీ మాసులా పడవల్లో చేరవేసేవాళ్ళు, మేకుల్లేకుండా చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు అవి, కెరటం కొట్టినా విరిగిపోకుండా వంగేవి. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్ళిన కూలీల్లో ఈ రేవులో ఎక్కినవాళ్ళు లెక్కలేనంతమంది. మాలాంటి చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ 'రంగూన్ తాత' అని ఒకాయన గురించి చెప్పుకుంటారు. పడవ తిరగబడేది ఎక్కువగా కెరటాలు విరిగే చోటే కాబట్టి, ఆ చోటు దాటి లోపలికి ఒక వంతెన వేసేస్తే పడవ అక్కడ ఆగుతుంది, మనుషులు నడిచి ఒడ్డుకి వస్తారు. జెట్టీ అంటే ఇదే. మద్రాసులో 1861లో, కేరళ అలెప్పీలో 1862లో, పాండిచ్చేరిలో 1866లో ఇలాంటివి లేచాయి.

ఇసుకలో ఇనప కాళ్ళు ఎలా నిలబెట్టారన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. అలెగ్జాండర్ మిచెల్ అని ఐర్లాండ్ ఇంజినీరు, చూపు లేని మనిషి, 1830ల్లో స్క్రూ పైల్ కనిపెట్టాడు. స్తంభం అడుగున పెద్ద మర బిళ్ళ లాంటిది ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టకుండా పైనుంచి మనుషులు తిప్పుతూ ఉంటే ఇసుకలోకి దిగుతుంది. ఇంగ్లాండ్‌లో సరదాకి కట్టిన జెట్టీల్లో చాలావాటికీ, మన మద్రాసు జెట్టీకీ కాళ్ళు ఇవే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి, మన ఊళ్ళల్లో జెట్టీ కావాలి అని అడిగేవాళ్ళు దీన్ని తరచుగా మర్చిపోతున్నారు. కాళ్ళ మీద నిలబడే జెట్టీ వేరు, రాళ్ళు పోసి కట్టే గోడ వేరు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. కాళ్ళ మధ్యలోంచి నీళ్ళూ ఇసుకా వెళ్ళిపోతాయి గానీ గోడ కడితే ఇసుక దక్షిణం వైపు ఆగిపోతుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసు హార్బర్ గోడలు కట్టాకే దక్షిణాన మెరీనా అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది. కాబట్టి గోపాల్‌పూర్‌లో ఎవరైనా ఎప్పుడైనా కట్టేదుంటే కాళ్ళ మీదే కట్టాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ కాళ్ళ మీద కట్టామంటే ఆ కాళ్ళని ఎల్లకాలం చూసుకోవాలి.

సముద్రం ఇనుముని ఎలా తింటుందో నేను దగ్గర్నుంచి చూసింది అలెప్పీలో. రెండేళ్ళ క్రితం ఆగస్టులో విజయనగరంలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను, ఆఫ్ సీజన్ కాబట్టి స్లీపర్‌లో బెర్త్ సులువుగా దొరికింది, రూమ్ కూడా సీజన్ రేటుకి సగంలోపే వచ్చింది. బీచ్‌లో పాత జెట్టీ ఇనప స్తంభాలు వరసగా సముద్రంలోకి వెళ్తూ ఉంటాయి, పైన చెక్కలు ఎప్పుడో పోయాయి. ఆటు సమయంలో ఒడ్డుకి దగ్గరగా ఉన్న స్తంభం పక్కన నిలబడి చూశాను. పైభాగం తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది, వేలితో గీరితే పాత పుస్తకంలో పేజీల్లా ఊడొచ్చింది, అయినా మందం బాగానే ఉంది. కింద నీళ్ళల్లో ఉండే భాగానికి గుల్లలు పట్టి ఇంకా లావుగా కనిపిస్తుంది. మధ్యలో, కెరటం కొట్టి జారిపోయే ఆ రెండు మూడు అడుగుల మేర మాత్రం స్తంభం నడుం సన్నబడిపోయింది, చెరుకు గడని మధ్యలో నమిలేసినట్టు.

కారణం ఏంటంటే తుప్పుకి మూడు కావాలి, ఇనుము, నీళ్ళు, గాలిలో ఆక్సిజన్. ఉప్పు ఉంటే నీళ్ళల్లో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి పని ఇంకా త్వరగా అవుతుంది. పూర్తిగా నీళ్ళల్లో మునిగి ఉన్న ఇనుముకి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. బాగా పైన ఉన్నదానికి ఉప్పునీళ్ళు తక్కువ తగులుతాయి. కెరటం తడిపి, గాలి ఆరబెట్టి, మళ్ళీ కెరటం తడిపే చోట మాత్రం మూడూ ఒకేసారి దొరుకుతాయి, పైగా ఆరినప్పుడల్లా ఉప్పు అక్కడే పేరుకుంటుంది. ఇంజినీర్లు దీన్ని స్ప్లాష్ జోన్ అంటారు. రంగు లేకుండా వదిలేస్తే ఇక్కడ ఏడాదికి మిల్లీమీటర్‌లో ఒకటి రెండు పదో వంతులు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ కూడా పోతుంది. వినడానికి ఏం లేదు అనిపిస్తుంది, కానీ పది మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టానికి ముప్పై ఏళ్ళంటే ఎంత మిగుల్తుందో లెక్కేసుకోండి.

దీన్ని చూడ్డానికి అలెప్పీ దాకా వెళ్ళక్కర్లేదు. గోపాల్‌పూర్‌లో మా పిన్ని వాళ్ళ ఇల్లు ఒడ్డు నుంచి రెండు వీధుల అవతల, కిటికీ గ్రిల్‌కి రెండేళ్ళకోసారి రంగు వెయ్యకపోతే వెల్డింగ్ అతికిన మూలల్లోంచి ఎర్రటి నీళ్ళు కారి గోడ మీద చారలు పడతాయి. ముందు మూలల్లోనే ఎందుకంటే నీళ్ళు నిలబడేది అక్కడే. జెట్టీలో కూడా అంతే, ముందు పోయేవి పెద్ద స్తంభాలు కాదు, బోల్టులు, అడ్డకమ్మీలు, రెండు ముక్కలు కలిసే కీళ్ళు. ఒక బోల్టు పోతే దాని బరువు పక్క బోల్టు మీద పడుతుంది, అది కూడా ఇంకాస్త త్వరగా పోతుంది.

పాత జెట్టీల్లో ఇంకో మోసం ఉంది. చాలావాటిల్లో స్తంభాలు పోత ఇనుము. పోత ఇనుము ఉప్పునీళ్ళల్లో పాడయితే ఇనుము కరిగిపోయి అందులో ఉన్న గ్రాఫైట్ మిగిలిపోతుంది, ఆకారం చెక్కు చెదరదు, దూరం నుంచి చూస్తే స్తంభం నిక్షేపంలా ఉంటుంది, చాకుతో గీస్తే పెన్సిల్ ముల్లులా నల్లగా గీత పడుతుంది. అందుకే జెట్టీని ఫొటో తీసి బాగుంది అని రిపోర్ట్ రాయడం కుదరదు, పడవేసుకుని కిందకి వెళ్ళి, గుల్లలు గీకేసి, ఒక్కో కాలినీ సుత్తితో తట్టి వినాలి, అల్ట్రాసౌండ్ మీటర్ పెట్టి మందం కొలవాలి. కాంక్రీట్ జెట్టీ అయితే ఈ బాధ ఉండదా అంటే, ఉంటుంది. ఉప్పు మెల్లగా లోపలికి దిగి అందులోని ఇనప కడ్డీని పడుతుంది, తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపల్నుంచే కాంక్రీట్‌ని పగలగొడుతుంది.

మందు లేదా అంటే ఉంది. నీళ్ళ కింద భాగానికి జింక్ దిమ్మలు కడతారు, ఇనుముకి బదులు ఆ జింక్ తనే కరిగిపోతూ ఉంటుంది. కానీ ఇది నీళ్ళల్లో మునిగి ఉన్నంత వరకే పనిచేస్తుంది, ప్రాణం పోయే ఆ నడుం దగ్గర పనిచెయ్యదు. అక్కడ గ్రీజు పట్టించిన పట్టీ చుట్టి పైన గట్టి తొడుగు వెయ్యాలి, లేదంటే ఇసక బ్లాస్టింగ్ చేసి, మంచినీళ్ళతో ఉప్పంతా కడిగేసి ఎపాక్సీ పూత పూయాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ పూత వెయ్యకూడదు, ఇనుము వేడి, గాలిలో తేమ మంచుగా పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం మూడు డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే కంటికి కనపడని చెమ్మ మీద రంగు వేసినట్టే, ఏడాదిలో పొక్కులొస్తాయి. అంటే రిపేరు ఏ నెలలో పడితే ఆ నెలలో చేసేది కాదు.

ఇప్పుడు దీని పక్కన మన క్యాలెండర్ పెట్టి చూడండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కెరటాలు పెద్దవి, తేమ ఎక్కువ, జెట్టీ కిందకి మనిషి దిగలేడు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డు దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు దాటింది, రెండూ నవరాత్రుల్లోనే, అంటే మనకి పూజ సెలవుల రద్దీ మొదలయ్యే రోజుల్లోనే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, రంగుకి ఇంతకన్నా మంచి టైమ్ లేదు, కానీ జనమంతా వచ్చేదీ అప్పుడే. క్రిస్మస్, జనవరి ఒకటి, సంక్రాంతి రోజుల్లో జెట్టీ మూసేసి రిపేరు చేస్తాం అంటే టీకొట్టువాడి దగ్గర్నుంచి హోటల్ ఓనర్ దాకా ఎవడూ ఒప్పుకోడు. రాత్రుళ్ళు లైట్లేసి చేద్దామా అంటే ఫిబ్రవరి, మార్చిలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, తర్వాత పుట్టే పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయి, ఆ తీరంలో ఫ్లడ్‌లైట్లు పెట్టడం పాపం.

నా లెక్కలో మనకి మిగిలేది మార్చి నుంచి మే మొదటి వారాల దాకా. ఎండ ఎక్కువ, జనం తక్కువ, సముద్రం మరీ మొండిగా ఉండదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, ఈదడంలో మునగడంలో పండిపోయిన మనుషులు పని లేకుండా ఇంట్లో కూర్చుంటారు. గుల్లలు గీకడం, పట్టీలు చుట్టడం, ఏ కాలు సన్నబడిందో ఒడ్డుకి వచ్చి చెప్పడం వాళ్ళకంటే బాగా చెయ్యగలిగేవాళ్ళు ఎవరున్నారు.

ఇంగ్లాండ్‌లో ఈ క్యాలెండర్ వేరేలా బిగుసుకుంటుంది. అక్కడ రైళ్ళొచ్చాక, 1871లో బ్యాంక్ హాలిడేలు చట్టమయ్యాక మామూలు జనం ఒక్క పూట సముద్రానికి వెళ్ళిరావడం అలవాటయింది, ఒక దశలో తీరమంతా కలిపి దాదాపు వంద జెట్టీలు ఉండేవి. ఎండాకాలమే సీజన్, ఎండాకాలమే సముద్రం నెమ్మది. చలికాలం జనమూ ఉండరు, సముద్రమూ ఊరుకోదు. తర్వాత 1960ల నుంచి జనం విమానమెక్కి స్పెయిన్ వెళ్ళడం మొదలుపెట్టాక ఆ ఎండాకాలపు డబ్బు కూడా తగ్గింది, తుప్పు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు మిగిలినవి అరవై దాకా ఉంటాయి.

బ్రైటన్‌లో వెస్ట్ పియర్ అనే జెట్టీని 1866లో తెరిచారు, 1975లో సేఫ్ కాదని మూసేశారు. మూసేస్తే ఖర్చు తగ్గుతుందని బయటివాళ్ళకి అనిపిస్తుంది, నిజానికి టికెట్ డబ్బు ఆగిపోతుంది, తుప్పు తినడం ఆగదు. ఇరవై ఏడేళ్ళు నిధుల కోసం ఎదురు చూసి చూసి 2002 చివర్లో ఒక భాగం కూలింది, 2003లో నిప్పంటుకుంది, ఇప్పుడు సముద్రంలో ఒక అస్థిపంజరం మిగిలింది.

హేస్టింగ్స్ కథ నన్ను ఇంకా బాధపెడుతుంది. 2008లో మూసేశారు, 2010లో కాలిపోయింది, ఊరివాళ్ళు పోరాడి పోరాడి 1 కోటి 42 లక్షల పౌండ్ల ఖర్చుతో 2016లో మళ్ళీ తెరిపించారు, 2017లో బ్రిటన్‌లో భవన నిర్మాణానికి ఇచ్చే పెద్ద బహుమతి స్టర్లింగ్ ప్రైజ్ వచ్చింది, ఆ బహుమతి వచ్చిన నెల తిరక్కుండానే నడిపే ట్రస్ట్ దివాలా తీసింది. బాగుచెయ్యడానికి డబ్బు దొరికింది, రోజూ నడపడానికి దొరకలేదు. గోపాల్‌పూర్‌లో మా నులియా తాత అడిగింది కూడా అదే కదా.

మరి నిలబడినవి ఎలా నిలబడ్డాయి అంటే, క్రోమర్‌లో జెట్టీ చివర థియేటర్ ఉంది, అందులో ఎండాకాలమే కాదు క్రిస్మస్‌కి కూడా షో నడుస్తుంది, చలిలో కూడా జనం జెట్టీ మీదకి నడుస్తారు. క్లీవ్‌డన్‌లో 1869 నాటి జెట్టీకి 1970లో బరువు పెట్టి లోడ్ టెస్ట్ చేస్తుంటే రెండు స్పాన్లు, అంటే కాళ్ళ మధ్య వంతెన ముక్కలు, కూలిపోయాయి, మళ్ళీ తెరవడానికి 1989 దాకా పట్టింది. ఇప్పుడు అక్కడ మన పేరుతో చిన్న ఇత్తడి పలక చెక్కకి బిగించుకోవచ్చు, ఆ డబ్బు జెట్టీకి పోతుంది. మన గుళ్ళల్లో మెట్టుకో పేరు, బండకో పేరు ఉండటం మనకి కొత్తేం కాదు, జెట్టీ చెక్కకి కూడా అలాగే ఎందుకు చెయ్యకూడదు అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆఫ్ సీజన్‌లో వెళ్ళేవాడు దీంట్లో ఎక్కడొస్తాడంటే సరిగ్గా ఇక్కడే. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒక జెట్టీకి ఏడాదికి లక్ష మంది టికెట్ కొని వస్తారు. వాళ్ళంతా ఇరవై పండగ రోజుల్లోనే వస్తే రోజుకి 5000 మంది, అదే మూడొందల రోజులకి సర్దుకుంటే రోజుకి 333 మంది. టికెట్ డబ్బు రెండిట్లోనూ ఒక్కటే. కానీ మొదటిదాంట్లో వెడల్పు ఎక్కువ కావాలి, రెయిలింగ్ గట్టిది కావాలి, గార్డులు కావాలి, మరుగుదొడ్లు కావాలి, అవన్నీ మిగతా మూడొందల నలభై అయిదు రోజులు ఖాళీగా ఉంటాయి. పైగా ఆ ఇరవై రోజులూ వచ్చిన పనివాడు మిగతా రోజులు ఊళ్ళో ఉండడు, అంటే వదులైన బోల్టుని ఆ రోజే చూసేవాడు ఉండడు. సన్నగా అయినా ఏడాదంతా జనం వస్తుంటే ఒక మనిషికి ఏడాదంతా జీతం ఇవ్వొచ్చు, జెట్టీకి కావాల్సిన అసలు మందు ఆ ఒక్క మనిషే అని నేను నమ్ముతున్నాను.

పండగ రద్దీ మీద భయం ఎందుకో చెప్పాలంటే మోర్బీ గుర్తొస్తుంది. అది సముద్రం మీది జెట్టీ కాదు, గుజరాత్‌లో నది మీద పాత వేలాడే వంతెన. రిపేరు అయిందని 2022 అక్టోబర్ 26న తెరిచారు, దీపావళి సెలవుల ఆదివారం 30న జనం ఎక్కి ఉండగా తెగిపోయింది, 135 మంది చనిపోయారు. తర్వాత దర్యాప్తులో ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయని తేలింది. పైన నేల కొత్తగా వేశారు, లోపల తీగ పాతదే. మన దేశంలో పాత కట్టడం ఏదైనా రిపేరు అయింది అని బోర్డు పెడితే, ఏం మార్చారు అని అడిగే హక్కు టికెట్ కొన్న ప్రతివాడికీ ఉండాలి.

తుఫాన్ల సంగతి కూడా ఈ వెలుతురులోనే చూడాలి. పాండిచ్చేరి పాత జెట్టీ 1952 తుఫానులో పోయింది, తర్వాత కట్టినదాంట్లో కొంత 2022 మార్చిలో కూలింది. త్రివేండ్రం వలియతుర జెట్టీ తౌక్తే తుఫానుకి వంగిపోయి 2024 మార్చిలో రెండు ముక్కలయింది. పేపర్లో తుఫాను పేరే రాస్తారు, రాయాలి కూడా. కానీ కాళ్ళ నడుములన్నీ నిండుగా ఉన్నప్పుడు తట్టుకునే కెరటాన్నే అవి సగం అరిగాక తట్టుకోలేవు. తుఫాను వచ్చేది ఒక్క రాత్రి, దానికి ముందు ఇరవై, ముప్పై ఏళ్ళ మామూలు రోజులు పనిచేసి ఉంచుతాయి.

మన వైపు ఆఫ్ సీజన్‌లో రావాలనుకునేవాళ్ళకి నాకు తెలిసినంతలో రెండు ముక్కలు. గోపాల్‌పూర్‌కి జూలై, ఆగస్టు వారం మధ్యలో రండి, రూమ్ బేరమాడొచ్చు, చేపలు కూడా వేట మళ్ళీ మొదలయ్యాక తాజాగా దొరుకుతాయి, కానీ నీళ్ళల్లో మోకాలు దాటి దిగొద్దు, నులియా వద్దంటే అస్సలు వద్దు, ఆ కెరటం వెనక్కి లాగుతుంది. అక్టోబర్‌లో అయితే బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూసి, రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే రూమే తీసుకోండి. మార్చిలో పొద్దున్నే ఆరింటికి బీచ్‌లో ఉంటే ఎండ తగలకముందే నడక అయిపోతుంది, బరంపురంలో టిఫిన్‌కి తిరిగొచ్చేయొచ్చు. బువ్వ ఇంటి నుంచి తెచ్చుకోవడం మంచిదే, కాకపోతే ఆఫ్ సీజన్‌లో ఒక్క పూటైనా అక్కడి చిన్న హోటల్లో తినండి, ఆ నెలల్లో వాళ్ళకి వచ్చే బేరమే తక్కువ.

ఆ రోజు లేచి వచ్చేస్తుంటే తాతని అడిగాను, పాత జెట్టీ రాళ్ళు లోపలికి ఎంత దూరం ఉన్నాయో నీకు తెలుసా అని. "నాకు తెలకేటి బాబూ, సిన్నప్పుడు వాటి మీదెక్కే గేలాలేసీవోలం" అన్నాడు. చూపిస్తావా అంటే ఇప్పుడు కాదన్నాడు, నీళ్ళు బాగా తీసీయాలట, మాఘ అమావాస్య వెళ్ళిన రెండోనాడు రమ్మన్నాడు. మా బావ అప్పుడే ఫోన్ తీసి ఆ తారీకు రాసుకున్నాడు.